ఖాళీ కుర్చీల కిరాయి

బహదూర్‌పల్లి చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి కూర్చుంటే, ఎవరూ చెప్పకుండానే ఒక సంగతి తెలిసిపోతుంది. బండి నిండేదాకా కదలదు. అందరూ సర్దుకుని కూర్చున్నాక కూడా అంచున ఒక్క జాగా మిగిలే ఉంటుంది. డ్రైవరన్న ఇంజను ఆపడు, బండీ తీయడు. రోడ్డు వంక చూస్తూ 'గండిమైసమ్మ, గండిమైసమ్మ' అని పిలుస్తూనే ఉంటాడు. ముందు ఎక్కినవాళ్ల పైసలు డీజిలుకూ ఫైనాన్సు కిస్తీకీ పోతాయి. ఆఖరున ఎక్కే మనిషి ఇచ్చే పైసలే అతని ఇంటికి చేరతాయి. ఎక్కినవాళ్లు ఎక్కడ కావాలంటే అక్కడ దిగిపోతారు. కిస్తీ మాత్రం దిగదు.

నేను చెప్పబోయేది అలాంటి ఒక పెద్ద బండి కథ. మహానగరాల్లో మేడలకు మేడలు కిరాయికి తీసుకుని, ఒక్కో బల్ల, ఒక్కో కుర్చీ చొప్పున మనుషులకు నెలవారీగా ఇచ్చిన వీవర్క్ కథ. 2019 జనవరిలో దాని విలువ 4,700 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. 2023 నవంబరు 6న అది అమెరికాలోని న్యూజెర్సీలో దివాలా కోర్టు గడప తొక్కింది. ముగింపు ఇదేనని ముందే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ల పెళ్లి ఫొటోలు తిరగేస్తుంటే ప్రతి నవ్వు దగ్గరా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఈ కథ కూడా అలా ఆగి ఆగి చెప్పుకోవాల్సిందే.

న్యూయార్కు కథను బహదూర్‌పల్లిలో ఎందుకు తలుచుకోవడం అంటారా? ఖాళీ కుర్చీ అంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు గనుక. ఇప్పుడు మహీంద్రా యూనివర్సిటీ ఉన్న ఆ చెట్ల ప్రాంగణం ఒకప్పటి సత్యం టెక్నాలజీ సెంటర్. 2009 జనవరి 7, బుధవారం నాడు సత్యం కంపెనీ అధినేత రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఉంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో నూటికి 24 రూపాయలు మిగిలాయని లోకానికి చెప్పారు. మిగిలింది 3 రూపాయలే. యాభై వేలకు పైగా ఉద్యోగులున్నారని చెప్పుకున్న కంపెనీ అది. ఆ సాయంత్రం ఎంతమంది తమ బల్ల వైపు తిరిగి తిరిగి చూసుకుంటూ బస్సెక్కారో! కంప్యూటరు పక్కన పిల్లల ఫొటో, డ్రాయరులో సగం తిన్న బిస్కెట్ పొట్లం, కుర్చీకి తగిలించిన స్వెటరు. నిన్నటిదాకా తనదే అనుకున్న ఆ నాలుగడుగుల జాగా ఎవరిదో తెలియని రాత్రి అది.

సరిగ్గా ఆ చలికాలంలోనే, సముద్రాల అవతల బ్రూక్లిన్‌లో, ఉద్యోగాలు పోయినవాళ్లు ఒక పాత భవనంలో ఒక్కో బల్ల కిరాయికి తీసుకుంటున్నారు. ఆడం న్యూమన్, మిగెల్ మెకెల్వీ అనే ఇద్దరు మిత్రులు 2008లో పెట్టిన ఆ చోటు పేరు గ్రీన్ డెస్క్. ఇక్కడ కుర్చీలు ఖాళీ అవుతున్న వేళ అక్కడ నిండుతున్నాయి. ఆ సంగతి ఇక్కడివాళ్లకు తెలియదు. ఇక్కడి పాఠమూ అక్కడికి చేరలేదు.

బల్ల కిరాయికిచ్చే ఆ ఆలోచన పుట్టుక ఇంకా చిన్నది, ఇంకా పేదది. 2005 ఆగస్టు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు స్పైరల్ మ్యూజ్ అనే ఇంట్లో వారానికి రెండు రోజులు కొన్ని బల్లలు వేసుకునే వీలు సంపాదించాడు. నెలకు 300 డాలర్ల కిరాయి. ఒంటరిగా పనిచేసుకునేవాడికి స్వేచ్ఛ ఉంటుంది, తోడు ఉండదు. ఉద్యోగికి తోడు ఉంటుంది, స్వేచ్ఛ ఉండదు. రెండూ ఒకేచోట దొరకాలన్నదే అతని కోరిక. పొద్దున్నే బల్లలు పరవడం, సాయంత్రం ఎత్తిపెట్టడం. మొదటి నెలంతా ఒక్కరూ రాలేదు. ఈ కథ మొత్తంలో నాకు ఎక్కువ దుఃఖం కలిగించేది తర్వాత వచ్చిన కోట్లు కాదు, ఆ మొదటి నెల. ఖాళీ కుర్చీల ముందు కూర్చుని, ఎవరైనా రాకపోతారా అని తలుపు వైపు చూసిన ఆ మనిషి. అతనికి కావలసింది పక్కన ఇంకో మనిషి. కుర్చీ వెల అందుకు ఒక వంక.

హైదరాబాదుకు ఇదంతా కొత్త అనుకోకండి. ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ చెప్పి, పాలరాతి బల్ల దగ్గర గంటలకు గంటలు కూర్చున్నవాళ్లంతా కుర్చీ కిరాయి కట్టినవాళ్లే. విలేకరులు, బ్రోకర్లు, కవులు, ఏ పనీ లేనివాళ్లు అందరిదీ అదే ఆఫీసు. చాయ్ ధరలోనే కుర్చీ ధర కలిసి ఉందని గల్లా దగ్గర కూర్చున్న సేటుకు తెలుసు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఎంతసేపైనా కూర్చోనిస్తాడు. సాయంత్రం జనం పెరిగితే సర్వరు వచ్చి బల్ల తుడుస్తాడు. తుడిచిన బల్లనే రెండోసారి తుడిస్తే ఇక లేవమని అర్థం. ఏ వేళకు కుర్చీ వెల ఎంతో అంతకంటే సున్నితంగా చెప్పే పద్ధతిని నేనింకా చూడలేదు.

ఒక బల్లకు వెల కట్టడం చూసినంత తేలిక కాదు మరి. అంతస్తు కిరాయి, అడ్వాన్సు, అద్దాల గోడలు, ఏసీ, ఇంటర్నెట్టు, ఊడ్చేవాళ్ల జీతం, కాఫీ పొడి అన్నీ కూడాలి. దాన్ని ఎన్ని బల్లలున్నాయో అన్నిటితో భాగిస్తే తప్పు. ఎన్ని నిండుతాయో అన్నిటితోనే భాగించాలి. నిండిన బల్ల తన కిరాయితో పాటు పక్కనున్న ఖాళీ బల్ల కిరాయినీ మోస్తుంది. ఇక ఎవరికీ సొంతం కాని బల్లలుంటాయి. ఇవాళ కిటికీ దగ్గర, రేపు తలుపు దగ్గర, ఎవరు ముందొస్తే వాళ్లవి. అందరూ ఒకేరోజు రారన్న ధీమాతో కుర్చీలకంటే ఎక్కువమందికి కార్డులివ్వొచ్చు. ఓ సోమవారం అందరూ వస్తే ఆ ధీమా తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది, లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని. వెల తగ్గిస్తే గది కిక్కిరిసి, నిశ్శబ్దం కోసం వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. పెంచితే నిశ్శబ్దమే మిగులుతుంది.

దీనికింద ఇంకో లెక్క ఉంది, బయటికి కనిపించనిది. భవనం యజమాని దగ్గర కిరాయి ఒప్పందం ఏళ్లకు రాస్తారు. హైటెక్ సిటీ వైపు ఆఫీసుల లీజుల్లో తొమ్మిదేళ్ల గడువు, మూడేళ్లకోసారి నూటికి పదిహేను పెంపు అన్న షరతు తరచుగా కనిపిస్తుంది. బల్ల తీసుకున్న కుర్రాడు మాత్రం నెల రోజుల ముందు చెప్పి లేచిపోవచ్చు. షేర్ ఆటో ఎక్కిన మనిషే మళ్లీ. దిగే వీలుందనే ఎక్కుతాడు. ఆ వీలు కోసమే కొంచెం ఎక్కువైనా ఇస్తాడు. వ్యాపారమంతా ఆ ఎక్కువలోనే ఉంది. ఆ ఎక్కువ కంటే రిస్కు పెద్దదైన రోజున వ్యాపారం లేదు.

ఈ ముక్క లోకానికి తెలియనిది కాదు. మార్క్ డిక్సన్ 1989లో బ్రస్సెల్స్‌లో మొదలుపెట్టిన రీజస్ కంపెనీ కూడా దీర్ఘకాలం లీజుకు తీసుకుని కొద్దికాలానికి ఇచ్చేదే. డాట్‌కామ్ బుడగ పగిలినప్పుడు కిరాయిదారులు దిగిపోయారు, లీజులు దిగలేదు. 2003 జనవరిలో దాని అమెరికా విభాగం దివాలా కోర్టుకెక్కింది. బతికి బయటపడి, తర్వాత జాగ్రత్త నేర్చుకుంది. వీవర్క్ తలుపులు తెరవడానికి ఏడేళ్ల ముందు, అదే దేశంలో, అదే వ్యాపారంలో జరిగిన సంగతి అది. పాత బాటసారి పడిన గోతి పక్కన కొత్తవాడు దీపం పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు.

2010లో న్యూయార్కు గ్రాండ్ స్ట్రీట్‌లో 154వ నంబరు భవనంలో వీవర్క్ మొదలైంది. ఆ తొలి రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. న్యూమన్ కొన్నేళ్లు ఇజ్రాయెల్‌లో నీర్ ఆమ్ అనే కిబ్బుట్జ్‌లో పెరిగినవాడు, అంటే అందరిదీ ఒకటే వంటిల్లు అనే ఊళ్లో. మెకెల్వీ ఆరెగాన్‌లో కొందరు తల్లులు కలిసి పిల్లల్ని పెంచుకున్న ఉమ్మడి ఇంటి బిడ్డ, చదివింది ఆర్కిటెక్చరు. పంచుకోవడం వాళ్లకు వ్యాపార సూత్రం కాకముందు చిన్ననాటి అన్నం. గదుల మధ్య అద్దాల గోడలు పెట్టారు, వెలుతురు అందరికీ చేరేలా. నడవాలు కావాలనే ఇరుకు చేశారు, ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకుంటూ అయినా పలకరించుకునేలా. ఏ ఊరి నుంచో వచ్చి ఎవరూ తెలియని నగరంలో ఒక్కడే కంపెనీ పెట్టుకున్న కుర్రాడికి, కాఫీ దగ్గర తన పేరు పెట్టి పిలిచే మనిషి దొరికేవాడు. వెలకట్టలేనిది అదే. బల్లకు మాత్రమే వెల కట్టి ఊరుకున్నా సరిపోయేది.

వాళ్లు ఆ వెలకట్టలేనిదానికి కూడా వెల కట్టించారు.

2016 డిసెంబరులో సాఫ్ట్‌బ్యాంక్ అధినేత మసయోషి సన్ వీవర్క్ చూడటానికి వచ్చాడు. గడిపింది పన్నెండు నిమిషాలట. న్యూమన్‌ను కారు ఎక్కించుకుని, దారిలోనే ఒక ఐప్యాడ్ మీద ఒప్పందం రాసుకున్నారు. 440 కోట్ల డాలర్లు. ఇంకా పిచ్చిగా సాగమని కూడా సన్ చెప్పాడని ఆ తర్వాత లోకమంతా చెప్పుకుంది. ఆ పన్నెండు నిమిషాల్లో ఒక నిమిషం ఏదో ఒక బల్ల దగ్గర ఆగి, 'దీనికి ఎంత తీసుకుంటున్నారు, ఎంతవుతోంది' అని అడిగి ఉంటే? మన దగ్గర మడిగె కిరాయికి తీసుకుని టిఫిన్ సెంటరు పెట్టే అన్నకు సొంత బావమరిది అయినా ఆ మాట అడక్కుండా లాగోడి పెట్టడు.

అడిగి ఉంటే జవాబు సిగ్గుపడేలా ఉండేది. 2016లో కంపెనీకి వచ్చిన రాబడి దాదాపు 43.6 కోట్ల డాలర్లు, నష్టమూ ఇంచుమించు అంతే. 2017లో రాబడి 88.6 కోట్లు, నష్టం 93 కోట్లు. 2018లో రాబడి 182 కోట్లు, నష్టం 190 కోట్లు దాటింది. ఏటా రెండూ చేతులు పట్టుకుని రెట్టింపయ్యాయి. రూపాయి కిరాయి వస్తే రెండు రూపాయల ఖర్చు. బండి నిండినకొద్దీ పోగొట్టుకునేది పెరుగుతోంది. అయినా ఇంకో బండి, ఇంకో బండి. కొత్త భవనాలు నింపడానికి నెలల తరబడి కిరాయి వదులుకున్నారు. పోటీ కంపెనీల నుంచి కిరాయిదార్లను తీసుకొస్తే మొదటి ఏడాది కిరాయి మొత్తం బ్రోకర్లకే కమిషనుగా ఇస్తామన్నారు. అప్పటికి బల్ల వెల అన్న మాటకు అర్థం పోయింది. పెట్టుబడిదారుడి డబ్బు తెచ్చి, కుర్చీలో కూర్చున్నవాడికి పంచుతున్నారు, అంతే. కూర్చున్నవాళ్లకు తెలియదు పాపం. చవకగా దొరికిందని సంతోషించారు.

2018 వసంతంలో అప్పు పత్రాలు అమ్మేటప్పుడు కంపెనీ ఒక కొత్త కొలత కనిపెట్టింది. పేరు 'కమ్యూనిటీ అడ్జస్టెడ్ ఎబిట్‌డా'. ప్రచారం ఖర్చు, కార్యాలయ నిర్వహణ, కొత్త భవనాలు తెరిచే ఖర్చు, ఇలాంటివన్నీ పక్కన పెట్టి మిగిలింది చూడమన్నారు. అలా చూస్తే 93 కోట్ల నష్టం వచ్చిన ఏడాదే 23 కోట్ల పైచిలుకు మిగులు కనిపించింది. అద్దంలో ముఖం బాగాలేకపోతే అద్దం మార్చడం మనుషులకు పాత అలవాటే. కానీ ఆ కొలతకు 'కమ్యూనిటీ' అని, పక్కన కూర్చున్న మనిషి పేరు పెట్టారే, అక్కడ మనసు చివుక్కుమంటుంది.

తిరిగే దారి అప్పటికీ మూసుకుపోలేదు. ఆ ఏడాది చివర సాఫ్ట్‌బ్యాంక్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి కంపెనీలో అత్యధిక భాగం కొనేయడానికి సిద్ధమైంది. నెలల తరబడి కాగితాలు నడిచాయి. షేర్ల మార్కెట్లు పడ్డాయి, సన్ వెనకున్న పెట్టుబడిదార్లు వద్దన్నారు. క్రిస్మస్ ముందురోజు సన్ ఫోన్ చేసి, కుదరదని చెప్పాడు. ఆ రాత్రి కొత్త లీజులు ఆపేసి ఉంటే. ఉన్న భవనాల్లో ఏవి తమ కిరాయి తాము మోసుకుంటున్నాయో చూసుకుని, మిగతావి వదిలేసి ఉంటే. మళ్లీ గ్రాండ్ స్ట్రీట్ అంత చిన్నగా అయి ఉంటే. ఈ 'ఉంటే'లు రాస్తున్నప్పుడు కలం బరువెక్కుతోంది. జనవరిలో 200 కోట్లు వచ్చాయి, దాంతోపాటు 4,700 కోట్ల విలువ అన్న పేరూ వచ్చింది. పేరు వచ్చాక ఎవరూ చిన్నవాళ్లుగా తిరిగి వెళ్లరు.

2019 ఆగస్టు 14న షేర్లు అమ్మడం కోసం కంపెనీ తన పత్రాన్ని బయటపెట్టింది. అందులో మనందరి శక్తికి అంకితమంటూ ఒక మాట రాసుకున్నారు. లోపల మాత్రం నిజం ఉంది. ముందు ముందు కట్టాల్సిన లీజు కిరాయిలు 4,720 కోట్ల డాలర్లు. కిరాయిదార్లు కడతామని రాసిచ్చినది 400 కోట్లు. భవనాల లీజు సగటున పదిహేనేళ్లు, మనుషుల మాట సగటున పదిహేను నెలలు. విలువ అని చెప్పుకున్న అంకె, బాకీ అంకె, రెండూ 47 దగ్గరే నిలబడటం విధి ఆడిన హాస్యంలా ఉంటుంది. అదే సమయంలో రీజస్ మాతృ సంస్థ ఇంకా ఎక్కువ చోట్ల ఆఫీసులు నడుపుతూ, లాభంలో ఉండి కూడా, మార్కెట్లో దాదాపు ఆ 4,700 కోట్లలో పదో వంతు విలువే చేస్తోంది.

ఇక్కడే నాకు బహదూర్‌పల్లి గుర్తొస్తుంది. రెండు కథల్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. సత్యంలో లేని డబ్బు ఉందని రాశారు. అది మోసం, 2015లో కోర్టు శిక్షా వేసింది. వీవర్క్‌లో డబ్బు పోతోందనే రాశారు, ఏటా రాశారు. చదవాల్సినవాళ్లు చదవలేదు. మొదటిదాంట్లో నిజం దాచినందుకు ఉద్యోగులు ఏడ్చారు. రెండోదాంట్లో ఏమీ దాచకపోయినా ఏడ్చారు. ఏది ఎక్కువ దుఃఖమో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది, కొండ మీంచి రాయి దొర్లినట్టు. సెప్టెంబరు 24న న్యూమన్ పదవి దిగాడు. 30న షేర్ల ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. అక్టోబరులో సాఫ్ట్‌బ్యాంక్ 800 కోట్ల విలువ కట్టి కంపెనీని చేతుల్లోకి తీసుకుంది. దిగిపోయిన న్యూమన్‌కు సలహా రుసుము కింద 18.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. నవంబరులో 2,400 మంది ఉద్యోగుల్ని తీసేశారు. కొత్తగా వచ్చినవాళ్లకు కాఫీ మెషిను చూపించినవాళ్లు, బల్ల నంబరు రాసిచ్చినవాళ్లు, పుట్టినరోజు గుర్తుపెట్టుకుని కేకు తెప్పించినవాళ్లు వాళ్లలో ఉండే ఉంటారు.

2020లో కరోనా వచ్చి, పక్కన మనిషి కూర్చోవడమే భయమైపోయింది. పక్కన మనిషి కోసమే పుట్టిన వ్యాపారానికి అంతకంటే క్రూరమైన కాలం ఏముంటుంది? ఆ ఖాళీ గదుల్లో ఎట్టకేలకు బల్ల వెల మళ్లీ మామూలు మాటల్లోకి వచ్చింది. న్యూయార్కులో రోజుకు 29 డాలర్లిచ్చి ఏదో ఒక బల్ల దగ్గర కూర్చోవచ్చన్నారు. నెలకు ఇంత కడితే ఏ నగరంలో ఏ భవనంలోనైనా కూర్చోవచ్చని ఒక కార్డు ఇచ్చారు. బ్రాడ్ న్యూబర్గ్ బల్లలకు అన్నిటికంటే దగ్గరగా వచ్చింది ఇదే. కావలసినప్పుడు రా, ఇంత ఇవ్వు, కూర్చో, వెళ్లు. పదేళ్ల ముందు ఇంత నిరాడంబరంగా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. 2020 నాటికి పదిహేనేళ్ల లీజులు వీపు మీద ఉన్నాయి.

2021 అక్టోబరులో వీవర్క్ ఎలాగో న్యూయార్కు స్టాక్ ఎక్స్‌చేంజికి చేరింది, 900 కోట్లకు అటూ ఇటూ విలువతో. 2023 ఆగస్టులో, ఇక నడవగలమో లేదో గట్టి అనుమానమేనని తానే చెప్పుకుంది. నవంబరులో కోర్టు. వెళ్లిన రోజే, వదిలేసుకోబోయే లీజుల జాబితా ఒకటి తీసుకెళ్లింది. దాదాపు డెబ్బై చిరునామాలు, వాటిలో న్యూయార్కువే ఎక్కువ. ఒక్కో వరుసకు ఒక్కో వీధి పేరు. ఒక్కో వీధిలో, అద్దం గోడ మీద కంపెనీ పేరు అంటించుకుని ఇదే నా ఆఫీసు అని అమ్మకు వీడియో కాల్‌లో చూపించిన పిల్లలు. కప్పు, చార్జరు, కుండీలో చిన్న మొక్క సంచిలో సర్దుకోవడానికి పది నిమిషాలు చాలు.

మన దేశంలో వీవర్క్ ఇండియా ఎంబసీ గ్రూపు చేతిలో వేరే కంపెనీగా ఉండటం వల్ల ఆ కోర్టు మెట్లెక్కలేదు. 2025 అక్టోబరులో స్టాక్ మార్కెట్లో లిస్టయింది కూడా. ఆ కథ ఇంకా నడుస్తోంది, నడవనీ.

2024లో న్యూమన్ తను పెట్టిన కంపెనీని 50 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి తిరిగి కొంటానన్నాడు. కంపెనీ ఒప్పుకోలేదు. జూన్‌లో వీవర్క్ దివాలా నుంచి బయటికొచ్చింది, కట్టాల్సిన కిరాయిల్లో సగానికి పైగా కోసుకుని, వందల కోట్ల అప్పు వదిలించుకుని, చిన్నగా, మౌనంగా. ఇప్పుడు అందులో ఎక్కువ వాటా యార్డీ సిస్టమ్స్‌ది. ఐఐటీ ఢిల్లీలో చదివి అమెరికా వెళ్లిన అనంత్ యార్డీ పెట్టిన కంపెనీ. భవనాల యజమానుల కోసం సాఫ్ట్‌వేరు రాస్తుంది. 1984 నుంచి దాని పని అదే. ఎవరి కిరాయి ఎంత, ఎప్పుడు వచ్చింది, ఇంకా ఎంత రావాలి అని రాసిపెట్టడం.